కోడినీ మిడతనూ ఒకే గాటన కట్టని అల్ జాహిజ్

జీవుల వర్గీకరణ అనగానే మన పిల్లలు లిన్నేయస్ పేరు చెబుతారు. కరెక్టే, పుస్తకంలో అదే ఉంది. కానీ లిన్నేయస్‌కు దాదాపు 900 ఏళ్ల ముందే ఇరాక్‌లో ఒకాయన ఇదే లెక్కతో కుస్తీ పట్టారు.

ఆయన పేరు అబూ ఉస్మాన్ అమ్ర్ ఇబ్న్ బహ్ర్. సుమారు 776లో బస్రాలో ఓ పేద ఇంట్లో పుట్టారు. కళ్లు బయటికి పొడుచుకొచ్చినట్టు ఉండేవట, అందుకే జనం అల్ జాహిజ్ అన్నారు. వెక్కిరింపుగా పెట్టిన పేరే చివరికి చరిత్రలో మిగిలింది. చిన్నప్పుడు కాలువ గట్టున చేపలమ్మారని చెబుతారు. చదువు పిచ్చి ఎంతంటే, పుస్తకాల కొట్లు అద్దెకు తీసుకుని రాత్రంతా అక్కడే చదువుతూ కూర్చునేవారట. తర్వాత బగ్దాద్ చేరి, ఖలీఫా మామూన్ మెప్పు పొందారు.

ఆయన పెద్ద రచన ‘కితాబుల్ హయవాన్’, అంటే జంతువుల గ్రంథం. మొత్తం ఏడు సంపుటాలు. ముందుగా లోకంలో ఉన్నవాటిని పెరిగేవి, పెరగనివి అని రెండుగా విడదీశారు. పెరిగేవాటిలో జంతువులు, మొక్కలు. జంతువులు మళ్లీ నాలుగు రకాలు: నడిచేవి, ఎగిరేవి, ఈదేవి, పాకేవి.

ఇంతవరకైతే ఎవరైనా చెప్పగలరు. అసలు సంగతి తర్వాత వస్తుంది. తను గీసిన గీతలను తనే పరీక్షకు పెట్టారు. మిడత ఎగురుతుంది, కానీ దాన్ని ఎవరూ పక్షి అనరు. కోడి సరిగా ఎగరలేదు, అయినా అది పక్షే. గబ్బిలానికి ఈకలే లేవు, ఎగురుతుంది. తాబేలు, కప్ప, పీత నీళ్లలో ఉంటాయి, చేపలు మాత్రం కావు. నేను కామర్స్ చదివినవాణ్ని. ఒక పద్దు ఏ ఖాతాలోనూ పడకపోతే ఆ చిరాకేంటో నాకు తెలుసు. జాహిజ్ అలాంటి పద్దులను దాచలేదు, అందరికీ కనపడేట్టు రాసి పెట్టారు.

అరిస్టాటిల్ మాటైనా సరే, అనుమానం వస్తే అడిగేవారు. ఎడారి అరబ్బులు చెప్పింది శ్రద్ధగా వినేవారు. సముద్రం మీద తిరిగేవాళ్ల కబుర్లు మాత్రం అంత తేలిగ్గా నమ్మలేదు. డార్విన్ కంటే ముందే పరిణామ సిద్ధాంతం కనిపెట్టారని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, అది అతిశయోక్తే. బలమైనది బలహీనమైనదాన్ని తింటుందని, దాన్ని ఇంకోటి తింటుందని గమనించి రాశారు. ఆ గొప్ప చాలదా?

ఈ పుస్తకాన్ని వజీర్ ఇబ్నుజ్జయ్యాత్‌కు అంకితమిస్తే ఆయన 5,000 దీనార్లు ఇచ్చారని చరిత్రకారులు రాశారు. ఆ దగ్గరితనమే మెడకు చుట్టుకుంది. 847లో కొత్త ఖలీఫా ముతవక్కిల్ ఆ వజీర్‌ను చిత్రహింసలు పెట్టి చంపించారు. జాహిజ్ పారిపోయారు, దొరికిపోయారు. వజీర్ శత్రువైన ఖాజీ ఇబ్న్ అబీ దువాద్ ముందు సంకెళ్లతో నిలబెట్టారు. మాటకారి కదా, అక్కడా మాటతోనే క్షమాభిక్ష సంపాదించారు.

చివరి రోజుల్లో పక్షవాతం వచ్చింది. సొంతూరు బస్రాకే చేరుకుని 868 చివర్లోనో 869 మొదట్లోనో కన్నుమూశారు. పుస్తకాల గుట్ట మీదపడి చనిపోయారన్న కథ బాగా ప్రచారంలో ఉంది, అది తర్వాతివాళ్లు చెప్పుకున్నదే.

కితాబుల్ హయవాన్‌కు 14వ శతాబ్దంలో బొమ్మలతో రాసిన ప్రతి ఒకటి ఇటలీలోని మిలాన్ లైబ్రరీలో ఉంది. అందులో బాగా పేరొచ్చిన బొమ్మ, గుడ్ల మీద కూర్చున్న నిప్పుకోడి. పక్షే, కానీ ఎగరదు.