మోక్షగుండం విశ్వేశ్వరయ్య

'''మోక్షగుండం విశ్వేశ్వరయ్య''' (1860 సెప్టెంబరు 15 - 1962 ఏప్రిల్) భారతదేశపు సుప్రసిద్ధ ఇంజనీరు, మైసూరు సంస్థాన దివాను. కొన్ని గ్రంథాలలో జన్మ సంవత్సరం 1861 అని ఉన్నది. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదు నగర రక్షణకు ఆయన రూపొందించిన పథకం తెలుగువారికి బాగా పరిచితము.

== బాల్యము, ఉద్యోగము ==
కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం సమీపాన ముద్దెనహళ్ళిలో శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు జన్మించాడు. పూర్వీకులది బేస్తవారిపేట మండలంలోని మోక్షగుండం. ఇంటిపేరు ఆ ఊరిదే. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయాడు. బెంగుళూరులో బి.ఏ., పూణేలో ఇంజనీరింగు చదివి 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరాడు. 1903లో ఖడక్‌వాస్లా జలాశయానికి వరద తలుపులు వాటంతట అవే తెరుచుకునే ఏర్పాటు చేశాడు.

== మూసీ వరద ==
1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాదిమంది మరణించారు. ఇది దైవాగ్రహమని జనం భావించారు. 1909లో నిజాం ప్రభుత్వం పిలుపుపై వచ్చిన విశ్వేశ్వరయ్య నిర్మాణానికి పూనుకొనక, ముందు కారణాన్ని వెదికాడు. స్థానికంగా ఉన్న వర్షపాతపు లెక్కలు చాలకపోగా ఇతర ప్రాంతాల లెక్కలతో పోల్చి చూశాడు. నగరానికి ఎగువన నదీ పరీవాహక ప్రాంతాన్ని పరిశీలింపజేశాడు. అక్కడ 788 చెరువులు ఉండగా వాటిలో 221 తెగిపోయినట్లు తేలింది. కురిసిన వాన అసాధారణమైనదే. అయితే ఒక చెరువు తెగి ఆ నీరు దిగువ చెరువును తెంచుకుంటూ రావడంతో ముప్పు అనేక రెట్లు పెరిగినది. చిన్న గట్లను మరమ్మతు చేసినంత మాత్రాన నగరానికి రక్షణ లేదని దీనివలన స్పష్టమైనది.

అదే సంవత్సరం అక్టోబరులో నివేదిక సమర్పించాడు. మూసీ, ఈసీ నదులపై ఎగువన రెండు జలాశయాలు, నగరంలో నది ఒడ్డున గోడలు, ఉద్యానవనాలు, భూగర్భ మురుగుకాలువలు అందులోని ముఖ్య సూచనలు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయినవి. వరదను ఆపవలసిన జలాశయాలే నగరానికి దశాబ్దాలపాటు త్రాగునీటి ఆధారమైనవి. మురుగుకాలువల పని మాత్రం చాలాకాలం వెనుకబడగా, 1920లలో ఆయనను మరల పిలిపించవలసి వచ్చినది.

నగరం పెరిగిన కొద్దీ ఈ నీరు చాలక మంజీరా నది నుండి, అనంతరం సింగూరు నుండి నీటిని తెచ్చారు. ఆ భారం దిగువనున్న నిజాంసాగర్‌పై, దాని కాలువల క్రింద సేద్యం చేసే వర్ని, బాన్స్‌వాడ రైతులపై పడినది. నిజాంసాగర్ విశ్వేశ్వరయ్య నిర్మాణము కాదు. అది నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1931లో పూర్తయినది.

== తరువాతి జీవితము ==
1909లోనే మైసూరు చీఫ్ ఇంజనీరుగా చేరి కృష్ణరాజసాగర్ ఆనకట్టను చేపట్టాడు. 1912 నుండి 1918 వరకు దివానుగా పనిచేశాడు. 1955లో భారతరత్న పొందాడు. ఆయన జన్మదినాన్ని దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటారు.

చెరువుల గురించి ఆయన గుర్తించిన విషయం నేటికీ పాతబడలేదు. 2020 అక్టోబరు వర్షాలలో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి హైదరాబాదు పాతబస్తీలోని అనేక కాలనీలు నీట మునిగినవి.