దోమ కడుపులో నల్ల చుక్కలు (రొనాల్డ్ రాస్ జీవితం)



పోయిన వానాకాలం మన హాస్టల్లో చలిజ్వరాలు వచ్చినప్పుడు సైన్సు సారు మలేరియా ఎలా వస్తుందని అడిగారు. దోమ కుడితే అని అందరం ఒక్కసారే అరిచాం. మీకెలా తెలుసు అన్నారు. పుస్తకంలో ఉంది అన్నాం. పుస్తకం రాసినాయనకి ఎలా తెలుసు అన్నారు. ఎవ్వరం మాట్లాడలేదు. నేనైతే తల దించుకున్నాను. ఎందుకంటే మా అమ్మమ్మ, గెడ్డలో కొత్త నీళ్ళు తాగితే చలిజ్వరం వస్తాదని చెప్తుంది. నాకు లోపల అదే నిజం అనిపించేది. ఏటేటా వాన పడ్డాక, నీళ్ళు ఎర్రగా మారాకే కదా జ్వరాలు వస్తాయి. అందుకే దోమ సంగతి మొదట రుజువు చేసిన ఆయన ఎవరో తెలుసుకుని రాస్తున్నాను.

ఆయన పేరు రొనాల్డ్ రాస్. 1857 మే 13న హిమాలయాల్లో అల్మోరా అనే ఊరిలో పుట్టారు. తండ్రి ఇంగ్లీషు సైన్యంలో పెద్ద అధికారి. పది మంది పిల్లల్లో ఈయనే పెద్ద. ఎనిమిదేళ్ళప్పుడు చదువు కోసం ఇంగ్లండు పంపేశారు. (మనం ఐదో తరగతిలో హాస్టల్‌కి వచ్చి ఏడిచాం, ఆయన ఓడలో సముద్రం దాటి వెళ్ళారు.) ఆయనకి బొమ్మలు వేయడం, కవిత్వం, సంగీతం ఇష్టం. డాక్టరు అవ్వమని తండ్రి పట్టుబట్టారు. ఇష్టం లేని చదువు కాబట్టి 1879లో ఒక పరీక్ష పాసయ్యి ఇంకోటి ఫెయిలయ్యారు. మళ్ళీ రాసి, 1881లో ఇండియాకి సైన్యం డాక్టరుగా వచ్చారు.

అప్పట్లో మలేరియా చిత్తడి నేలల చెడు గాలి వల్ల వస్తుందని డాక్టర్లు కూడా నమ్మేవారు. ఆ పేరుకి ఇటలీ భాషలో చెడు గాలి అనే అర్థం. 1880లో లావరాన్ అనే ఫ్రెంచి డాక్టరు రోగి రక్తంలో ఒక చిన్న జీవి ఉందని కనిపెట్టారు. రాస్ మొదట అది నమ్మలేదు, ఎందుకంటే ఆయన వెతికితే కనపడలేదు. 1894లో లండన్‌లో మాన్సన్ అనే పెద్ద డాక్టరు మైక్రోస్కోపులో చూపించాకే ఒప్పుకున్నారు. ఆ జీవిని దోమలే మోస్తున్నాయేమో అని మాన్సన్ గారి ఊహ. కానీ ఎలాగంటే, దోమ రోగి రక్తం తాగి, నీళ్ళలో పడి చస్తుంది, ఆ నీళ్ళు మనుషులు తాగితే జ్వరం వస్తుంది అనుకున్నారు. ఇది చదివి నేను రెండుసార్లు వెనక్కి వెళ్ళి చూశాను. లండన్ డాక్టరు గారిదీ, మా అమ్మమ్మదీ ఇంచుమించు ఒకే మాట!

1895లో రాస్ సికింద్రాబాద్ వచ్చి ఆ మాట పరీక్షించారు. రోగి రక్తం తాగిన దోమలు చచ్చిన నీళ్ళు, డబ్బులిచ్చి కొందరి చేత తాగించారు. మొదట తాగిన ఒకతనికి జ్వరం వచ్చింది. అక్కడ ఆగిపోతే నీళ్ళే కారణం అని పుస్తకాల్లో రాసేసేవారు. ఆయన ఆగలేదు. ఇంకా చాలామందితో తాగిస్తే ఎక్కువమందికి ఏమీ కాలేదు. డబ్బు కోసం ఆ నీళ్ళు తాగిన పేదవాళ్ళని తలుచుకుంటే మాత్రం నాకు బాధేసింది.

తర్వాత కలరా పని మీద బెంగళూరు పంపారు. 1897లో ఊటీ దగ్గర లోయల్లో తిరిగి తనే మలేరియాతో పడ్డారు. తగ్గాక మళ్ళీ సికింద్రాబాద్. ఆ ఎండల్లో పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని పంకా ఆపేసి కూర్చునేవారు. చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, అద్దం పగిలింది. వందల దోమలు కోసి చూశారు, ఏమీ లేదు. ఎందుకంటే అన్నీ వేరే రకం దోమలు.

ఆగస్టులో ఇంకో రకం దొరికింది. రెక్కల మీద మచ్చలు, గోడ మీద వాలితే తోక పైకెత్తి కూర్చుంటుంది. (మన స్నానాల గది గోడ మీద చూడండి.) హుస్సేన్ ఖాన్ అనే రోగి తనని కుట్టించుకోడానికి ఒప్పుకున్నారు, ఒక్కో దోమకి ఒక అణా. రూపాయికి పదహారు అణాలు. ఆయన లేకపోతే రాస్ గారు ఏం చూసేవారు? అందుకే నేను హుస్సేన్ ఖాన్ గారు అనే రాస్తాను.

1897 ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాన్ని కోస్తే కడుపు గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్ల చుక్కలు కనపడ్డాయి. ఇవి ఎందుకు రుజువు అనేది సారు మాకు బోర్డు మీద చెప్పించారు. అంతకుముందు కోసిన వందల దోమల్లో ఇలాంటివి లేవు. రోగి రక్తంలోని జీవిలోనూ అదే నల్ల రంగు ఉంటుంది. మర్నాడు మిగిలిన ఆఖరి దోమని కోస్తే అవే కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి, అంటే లోపల పెరుగుతున్నాయి. కానీ చూసింది రెండే దోమలు. పైగా దోమ లోపలికి వెళ్ళిందని తెలిసింది గానీ, మనిషిలోకి ఎలా వస్తుందో తెలీలేదు.

ఇంతలో మలేరియా రోగులే లేని చోటికి బదిలీ చేశారు! 1898లో కలకత్తా వెళ్తే అక్కడ ప్లేగు టీకాల భయంతో జనం సూది చూస్తేనే పారిపోయేవారు. అప్పుడు పిట్టలతో మొదలుపెట్టారు, పిట్టలకి కూడా ఒక రకం మలేరియా ఉంది. జబ్బు బాగా ఉన్న పిచ్చుక మీద కొన్ని దోమలు, కొంచెం ఉన్నదాని మీద కొన్ని, అసలు లేనిదాని మీద కొన్ని వదిలారు. లేనిదాన్ని కుట్టిన దోమల్లో కణాలు లేవు. నాకు ఈ మూడో పిచ్చుకే అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది. అది లేకపోతే ఆ కణాలు అన్ని దోమల్లోనూ ఉంటాయని ఎవరైనా వాదించొచ్చు. ఆ జులైలో జీవి దోమ ఉమ్మి గ్రంథిలోకి చేరడం చూశారు. ఆ దోమలతో మంచి పిచ్చుకల్ని కుట్టిస్తే వాటికి జబ్బు వచ్చింది. తాగిన నీళ్ళ వల్ల కాదు, కుట్టడం వల్ల.

మనుషుల్లో కూడా అంతేనని అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ మొదలైనవాళ్ళు రుజువు చేశారు. ఎవరు ముందు అని రాస్ ఆయనతో చాలా ఏళ్ళు పోట్లాడారు, నాకు అది నచ్చలేదు. 1899లో ఇండియా వదిలి లివర్‌పూల్ వెళ్ళారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. 1932 సెప్టెంబర్ 16న లండన్‌లో చనిపోయారు. హైదరాబాద్ బేగంపేటలో ఆయన పనిచేసిన మేడ ఇంకా ఉంది.

దసరా సెలవుల్లో ఇదంతా అమ్మమ్మకి మా భాషలో చెప్పాను. వానకి కొత్త నీళ్ళూ, దోమలూ ఒకేసారి వస్తాయి, అందుకే నీళ్ళ మీద అనుమానం వచ్చిందన్నాను. అమ్మమ్మ పొయ్యి ఊదుతూ అంతా విన్నది. విని, మొదట నీళ్ళు తాగి జ్వరం వచ్చినోడిని దోమలు కుట్టలేదని ఆ దొరకి ఎలా తెలుసు అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. బడికొచ్చి సారుకి చెప్తే, సారు ఆ ప్రశ్న బోర్డు మీద రాసి, కింద మా అమ్మమ్మ పేరు రాశారు.