సర్కస్‌కు బడి పెట్టిన పంతులు

సర్కస్ అనగానే తెలుగువారికి వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు జ్ఞప్తికి వస్తాడు. ఆ మహాబలుని గాథలు మన పెద్దలు ఎన్నో చెప్పేవారు. అయితే డేరా కప్పు కింద ఊయల నుండి ఊయలకు లంఘించే కళాకారులలో పెక్కుమంది ఒకప్పుడు ఉత్తర కేరళలోని తలశ్శేరి ప్రాంతం వారే. అందుకు మూలపురుషుడు కీలేరి కుంజికణ్ణన్ అనే బడిపంతులు.

మలబారు నాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. తలశ్శేరిలోని బాసెల్ మిషన్ పాఠశాలలో కుంజికణ్ణన్ వ్యాయామోపాధ్యాయుడు. కలరి విద్య ఆ గడ్డపై తరతరాలుగా ఉన్నదే. దానికి ఆయన పాశ్చాత్య జిమ్నాస్టిక్స్ జోడించాడు. 1880లో బొంబాయిలో తొలి భారతీయ సర్కస్‌ను నెలకొల్పిన విష్ణుపంత్ ఛత్రే, ఆ దశకం చివరలో తన బృందంతో తలశ్శేరి వచ్చాడు. ఛత్రే అశ్వవిద్యలో దిట్ట. ఆయనకు కావలసినది దేహాన్ని విల్లులా వంచగల మనుషులు. వారిని తయారు చేయగల గురువు తలశ్శేరిలో ఉన్నాడు. ఆ పరిచయం దేశంలో సర్కస్ చరిత్రను మలుపు తిప్పింది.

1901లో తలశ్శేరి సమీపాన చిరక్కరలో కుంజికణ్ణన్ సర్కస్ శిక్షణాలయం స్థాపించాడు. మూడేళ్లకే, 1904లో, శిష్యుడు పరియాలి కణ్ణన్ గ్రాండ్ మలబార్ సర్కస్‌ను ప్రారంభించాడు. తాడుపై విన్యాసాలతో ఐరోపా, అమెరికాలను మెప్పించిన కణ్ణన్ బొంబాయో కూడా ఆ గురువు శిష్యుడే. 1939లో కుంజికణ్ణన్ మరణించేనాటికి ఆయన విద్య దేశమంతటా డేరాలను నిలబెట్టుతున్నది.

ఆ విద్యకు మరొక పార్శ్వం కూడా ఉన్నది. ఇరవై యేళ్ల క్రితం ఢిల్లీలో ఎనిమిదేళ్ల మా అమ్మాయిని సర్కస్‌కు తీసుకువెళ్లాను. ఊయలపై తలక్రిందులుగా వ్రేలాడిన బాలిక దాదాపు ఆమె యీడుదే. జనమంతా చప్పట్లు కొట్టుచుండగా, ఆ పిల్ల బడికి ఎప్పుడు వెళ్తుందని మా అమ్మాయి నన్ను అడిగింది. పక్కనే కూర్చున్న తండ్రులెవరి వద్దా అందుకు సమాధానం ఉండి ఉండదు.

సమాధానం తరువాత చట్టం చెప్పింది. 2009లో పార్లమెంటు ఆమోదించిన విద్యాహక్కు చట్టం మరుసటి ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. 2011 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు సర్కస్‌లలో పిల్లల నియామకాన్ని నిషేధించేలా ఉత్తర్వులు వెలువరించమని కేంద్రాన్ని ఆదేశించింది. పేద ఇళ్ల నుండి వచ్చి, ఇంటికి దూరమై, డేరాలలో బాల్యాన్ని పోగొట్టుకున్న పిల్లలను తలచుకున్నప్పుడు ఆ తీర్పును కాదనగలవారెవరు?

లేత వయసులోనే దేహం వంగుతుందని, పిల్లలు లేనిదే ఈ కళ నిలువదని యజమానుల వాదన. కేరళ ప్రభుత్వం 2010లో తలశ్శేరిలో సర్కస్ అకాడమీని ప్రారంభించినా అది ఎక్కువ కాలం నిలువలేదు. యజమానుల మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని కుంజికణ్ణన్ జీవితాన్ని గమనిస్తే మార్గం అందులోనే కనిపిస్తున్నది. ఆయన మొదట వ్యాయామం నేర్పినది డేరాలో కాదు, పాఠశాల ఆవరణలో. అక్కడ పిల్లవాడు పలక, బలపం విడువకుండానే దేహాన్ని సాధన చేయవచ్చు. పెద్దవాడైన పిదప సర్కస్‌లో చేరడమా, మానడమా అన్నది అతని ఇష్టం. మన ప్రభుత్వ పాఠశాలలు ఎన్నింటిలో నేడు వ్యాయామోపాధ్యాయుడు ఉన్నాడో మన విద్యామంత్రులు ముందుగా లెక్క చూచుకొనుట మంచిది.