కలల వంతెనను విప్పేశారు.. ఆయన లెక్కలే నేడు యానిమేషన్‌కు ప్రాణం! అసలు ఎవరీ నేవియర్?

యానిమేషన్ సినిమాలో ఎగసిన అల తెరచాపను బలంగా తాకుతుంది. నీటి తోపుడికి గుడ్డ వంగుతుంది. వంగిన గుడ్డ మళ్లీ నీటి దారిని మార్చేస్తుంది. చూడ్డానికి సింపులే.. కానీ కంప్యూటర్‌కు ఇదో పెద్ద పరీక్ష. అటు నీరు, ఇటు గుడ్డ.. రెండింటి లెక్కల వెనుకా వినిపించే పేరు ఒకటుంది. ఆయనే ఫ్రెంచ్ ఇంజినీర్ క్లాడ్ లూయీ నేవియర్.

1785 ఫిబ్రవరి 10న ఫ్రాన్స్‌లోని డీజోన్‌లో నేవియర్ పుట్టారు. ఎనిమిదేళ్లకే తండ్రి చనిపోయారు. తల్లి సొంతూరు వెళ్లిపోవడంతో పారిస్‌లో ఇంజినీర్ అయిన బంధువు ఎమిలాన్ గోతే దగ్గర పెరిగారు. 1802లో ఎకోల్ పాలిటెక్నిక్‌లో దాదాపు చివరి ర్యాంకుతో చేరారు. ఏడాది తిరిగేసరికి టాప్ 10లో నిలిచారు.

1821లో వంగే, సాగే ఘనపదార్థాలకు సమీకరణాలు రాశారు. మరుసటి ఏడాదే ప్రవహించే ద్రవాలకూ రాశారు. అంతకుముందు ఆయిలర్ ఇచ్చిన సమీకరణాల్లో ద్రవం లోపలి జిగటకు చోటు లేదు. నేవియర్ దాన్ని చేర్చారు. అణువుల గురించి ఆయన ఊహ పూర్తిగా సరైంది కాకపోయినా సమీకరణం మాత్రం కరెక్ట్‌గానే వచ్చింది. 1845లో బ్రిటన్‌కు చెందిన స్టోక్స్ దానికి గట్టి పునాది వేశారు. అందుకే అవి నేవియర్-స్టోక్స్ సమీకరణాలయ్యాయి.

అయితే బతికుండగా ఆయనకు పేరు తెచ్చింది వంతెనల పనే. అదే పెద్ద దెబ్బ కూడా తీసింది. ఇంగ్లండ్‌కు రెండుసార్లు వెళ్లి వేలాడే వంతెనలను పరిశీలించిన ఆయన.. పారిస్‌లో సీన్ నదిపై అలాంటిదే ఒకటి కట్టించారు. 1826 సెప్టెంబర్‌లో, పని దాదాపు పూర్తయిన సమయంలో, పైపు పగిలి నేల నానిపోయింది. గొలుసులను పట్టి ఉంచే కట్టడం కదిలి పగుళ్లిచ్చింది. రిపేర్ చేయొచ్చని ఇంజినీర్లు చెప్పినా నగర పాలకులు ఒప్పుకోలేదు. వంతెన ప్రారంభం కాకుండానే దాన్ని విప్పేశారు. ఆ తర్వాతా పాఠాలు చెప్పడం ఆపని నేవియర్, 1836 ఆగస్టు 21న 51 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

కట్ చేస్తే.. 1999లో జోస్ స్టామ్ ఈ సమీకరణాలను కంప్యూటర్‌లో వేగంగా, లెక్క చెదరకుండా నడిపే పద్ధతి చూపించారు. దాంతో యానిమేషన్‌లో పొగ, నీరు వంటి వాటిని సహజంగా కదిలించడం మరింత సులువైంది. అసలు చిక్కు నీరు, గుడ్డ కలిసే చోటే. అక్కడ రెండింటి వేగం ఒక్కటి కావాలి. నీరు ఎంత బలంతో తోస్తే గుడ్డ అంతే బలంతో ఎదురు తోయాలి. ముందు నీటి లెక్క, తర్వాత గుడ్డ లెక్క అని విడివిడిగా చేస్తే, పల్చటి గుడ్డ విషయంలో లెక్క అదుపు తప్పుతుంది. అందుకే చాలాసార్లు రెండూ కలిపి ఒకేసారి సాధిస్తారు.

ఈఫిల్ టవర్‌పై చెక్కిన 72 పేర్లలో నేవియర్ పేరూ ఉంది. ఇక ఆయన సమీకరణాలకు మూడు కొలతల్లో ఎప్పుడూ సాఫీగా సాగే సాధన ఉంటుందా? తేల్చిన వారికి 10 లక్షల డాలర్లు ఇస్తామని 2000లో అమెరికాలోని క్లే ఇన్‌స్టిట్యూట్ ప్రకటించింది. తెరపై అలలు ఎగసిపడుతూనే ఉన్నాయి.. ఆ ప్రైజ్ మాత్రం ఇంకా ఎవరికీ దక్కలేదు.