గోళాన్ని కొలిచిన ఆర్కిమెడీస్

మధ్యధరా సముద్రంలోని సిసిలీ ద్వీపానికి తూర్పు తీరాన సిరాక్యూస్ అనే ప్రాచీన నగరం ఉంది. గ్రీకులు నిర్మించుకొన్న ఆ నగరంలో క్రీస్తుపూర్వం 287 ప్రాంతంలో ఆర్కిమెడీస్ జన్మించాడు. తండ్రి ఫిడియాస్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఆనాటి విద్యాకేంద్రమైన అలెగ్జాండ్రియాలో ఆర్కిమెడీస్ కొంతకాలం విద్యాభ్యాసం చేశాడని చరిత్రకారులు భావిస్తారు. అక్కడి పండితులతో ఆయనకు చిరకాలం లేఖామైత్రి కొనసాగింది.

లోకం ఆయనను స్నానపు తొట్టి కథతోనే ఎక్కువగా తలచుకొంటుంది. బంగారు కిరీటంలో కల్తీని పట్టుకొనే ఉపాయం తోచి, ఒంటిమీద బట్ట లేకుండా వీధిలో పరుగెత్తాడన్నది ఆ కథ. ఆయన గ్రంథాలలో అది ఎక్కడా కనిపించదు. ఆయన మరణించిన దాదాపు రెండు శతాబ్దాలకు విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి దానిని గ్రంథస్థం చేశాడు. ఆర్కిమెడీస్ తన కృషిలో మకుటాయమానంగా ఎంచుకొన్నది వేరొకటి.

చదునైన ముఖాలు గల కొన్ని ఘనరూపాలను ముక్కలుగా కోసి, పేర్చి కొలవవచ్చు. గోళం అలా లొంగదు. దాని ఉపరితలంలో వంపులేని చోటు లేదు. శంకువు, అంతే భూమి, అంతే ఎత్తు గల స్థూపంలో మూడవ వంతు ఉంటుందని డెమోక్రిటస్ ముందే గ్రహించాడు. యూడాక్సస్ దానిని నిరూపించాడు. గోళం మాత్రం మిగిలిపోయింది.

దానిని సాధించడానికి ఆర్కిమెడీస్ ఒక విచిత్రమైన మార్గం తొక్కాడు. గోళాన్ని, శంకువును, స్థూపాన్ని అత్యంత పలుచని బిళ్ళలుగా కోసినట్లు ఊహించుకొని, వాటిని ఊహలోని తక్కెడలోనే తూచాడు. గోళపు బిళ్ళ, శంకువు బిళ్ళ కలిసి తక్కెడ కాడకు ఒక చివర వేలాడితే, రెండవ వైపు తన స్థానంలోనే నిలిచిన స్థూపపు బిళ్ళకు సరితూగుతాయి. శంకువు, స్థూపాల లెక్క తెలిసినదే కనుక గోళం లెక్క దానంతట అదే తేలింది. గోళం సరిగ్గా ఇమిడే స్థూపాన్ని తీసుకొంటే, దాని ఘనపరిమాణంలో గోళానిది మూడింట రెండు వంతులు. అడుగు, పైభాగం కలుపుకొన్న స్థూపపు ఉపరితల వైశాల్యంలోనూ గోళానిది మూడింట రెండు వంతులే! రెండు కొలతలకూ ఒకే నిష్పత్తి కుదరడం ఆయనను ముగ్ధుణ్ణి చేసి ఉండాలి.

21 సెంటీమీటర్ల వ్యాసం గల బంతిని తీసుకొందాం. అది ఇమిడే స్థూపం ఎత్తు కూడా 21 సెంటీమీటర్లే. 'పై' విలువను 22/7గా తీసుకొంటే స్థూపం 7276.5 ఘన సెంటీమీటర్లు, అందులో మూడింట రెండు వంతులైన బంతి 4851 ఘన సెంటీమీటర్లు. ఆ 22/7 కూడా ఆర్కిమెడీస్ ప్రసాదమే. 96 భుజాల బహుభుజిని ఆధారం చేసుకొని, 'పై' అంతకంటే కొంచెం తక్కువని ఆయన నిరూపించాడు. మన భాస్కరాచార్యుడు సైతం 1150లో రచించిన లీలావతిలో గోళపు ఘనపరిమాణాన్ని సరిగ్గా చెప్పాడు.

అయితే తక్కెడ తూకాన్ని ఆర్కిమెడీస్ నిరూపణగా అంగీకరించలేదు. గోళం ఆ విలువకంటే ఎక్కువనుకొన్నా, తక్కువనుకొన్నా వైరుధ్యం తప్పదని కఠినమైన తర్కంతో చూపిన తరువాతనే ఆ ఫలితాన్ని గ్రంథంగా డొసిథియస్‌కు పంపాడు. ఆయనకు కొంత కొంటెతనమూ ఉంది. అన్నీ తమకు ముందే తెలుసునని చెప్పుకొనే వారిని పరీక్షించడానికి, గోళ ఖండాలను గురించి రెండు తప్పుడు సిద్ధాంతాలను తన లేఖలలో చేర్చి పంపాడు. సత్యాన్ని కనుగొన్న తక్కెడ పద్ధతిని మాత్రం ఎరటోస్తనీస్‌కు ప్రత్యేకంగా రాసి పంపాడు. రాబోయే తరాలవారు దానితో తనకు తోచని సత్యాలను కనుగొంటారని ఆశించాడు.

క్రీస్తుపూర్వం 212లో మార్సెల్లస్ సేనలు సిరాక్యూస్‌ను జయించాయి. ఆర్కిమెడీస్ యంత్రాలు అంతవరకూ వారిని నిలువరించాయి. ఆయనను ప్రాణాలతో పట్టుకోవాలని సేనాని కోరుకొన్నా, ఒక సైనికుని చేతిలో ఆయన హతుడయ్యాడు. ఆయన కోరిక మేరకు సమాధిపై గోళం, స్థూపం చెక్కారు. 137 ఏళ్ల తరువాత సిసిలీలో కోశాధికారిగా ఉన్న సిసిరో ఆ సమాధిని వెదకబోతే, అటువంటిది లేనే లేదన్నారు నగరవాసులు. ముళ్లపొదల నడుమ తలెత్తిన చిన్న స్తంభంపై ఆ రెండు రూపాలను చూసి సిసిరో దానిని గుర్తించాడు. నేడు ఆ సమాధి జాడ తెలియదు.

ఎరటోస్తనీస్‌కు రాసిన గ్రంథానికి పట్టిన గతి అంతకంటే విచిత్రం. మన తాళపత్రాలకు చెదపురుగు ఎలాగో, దానికి ఒక లేఖకుని చాకు అలాగ. 10వ శతాబ్దంలో తోలుపత్రాలపై రాసిన ప్రతిని 13వ శతాబ్దంలో గీకివేసి, దానిమీద ప్రార్థనలు రాసుకొన్నారు. 1906లో డెన్మార్క్ పండితుడు హైబెర్గ్ ఇస్తాంబుల్‌లో ఆ ప్రార్థనల కింద మసకబారిన గ్రీకు అక్షరాలను చదివి, అది ఆర్కిమెడీస్ తక్కెడ పద్ధతి అని గుర్తించాడు. తరువాత ఆ ప్రతి మళ్లీ అదృశ్యమై, 1998లో న్యూయార్క్ వేలంలో 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నవారు దానిని బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంకు అప్పగించారు. హైబెర్గ్ కళ్లకు అందని పంక్తులు కొన్ని అక్కడి పరిశోధకులకు వివిధ కాంతి కిరణాల వెలుగులో కనిపించాయి.