అర్హత పరీక్ష తప్పిన సైన్స్ మాస్టారు



మీ అబ్బాయో అమ్మాయో టెన్త్ బయాలజీ పుస్తకం ముందు పెట్టుకుని బఠానీ మొక్కల నిష్పత్తులు బట్టీ పడుతుంటే, కాసేపు పక్కన కూర్చుని ఈ కథ చెప్పండి.

గ్రెగర్ మెండెల్ 1822లో, నేటి చెక్ రిపబ్లిక్‌లోని ఓ చిన్న పల్లెలో, రైతు ఇంట పుట్టారు. తండ్రి చెట్టు మీద పడి గాయపడ్డాక చదువు కష్టమైంది. అప్పుడు చెల్లెలు తెరెసియా తన పెళ్లి కోసం ఉంచిన వాటాలో కొంత అన్నకు ఇచ్చింది. ఆయన ఆ రుణం మరచిపోలేదు. తర్వాత ఆమె కొడుకుల చదువుకు అండగా నిలిచారు.

1843లో ఆయన బ్రనో పట్టణంలోని క్రైస్తవ మఠంలో చేరారు. టీచర్ కావాలని 1850లో అర్హత పరీక్ష రాసి తప్పారు. వియన్నా యూనివర్సిటీలో చదివి వచ్చి 1856లో మళ్లీ కూర్చున్నా గట్టెక్కలేదు. అర్హత పత్రం లేకుండానే 14 ఏళ్లు స్కూల్లో సైన్స్ చెప్పారు.

అదే 1856లో మఠం తోటలో బఠానీ ప్రయోగాలు మొదలుపెట్టారు. పసుపు గింజల రకాన్ని, ఆకుపచ్చ గింజల రకాన్ని కలిపితే మొదటి తరంలో అన్నీ పసుపే వచ్చాయి. ఆకుపచ్చ పోయిందని అనుకుని ఆయన ఆగలేదు. ఆ గింజలనే మళ్లీ నాటారు. ఈసారి 6,022 పసుపు, 2,001 ఆకుపచ్చ గింజలు వచ్చాయి. అంటే దాదాపు మూడుకు ఒకటి.

కారణం ఇదీ. ప్రతి మొక్కకూ రంగు విషయంలో రెండు కారకాలుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. పసుపు కారకం ఒక్కటున్నా గింజ పసుపే. రెండూ ఆకుపచ్చవైతేనే గింజ ఆకుపచ్చ. మొదటి తరం మొక్కల్లో రెండు రకాల కారకాలూ ఉంటాయి కాబట్టి, వాటి గింజల్లో నాలుగు కలయికలు సాధ్యం. అందులో ఆకుపచ్చది ఒకటే.

ఇంట్లో చేసి చూడండి. మీరొక రూపాయి నాణెం, మీ బిడ్డ ఒకటి తీసుకోండి. బొమ్మ పడితే పసుపు, బొరుసు పడితే ఆకుపచ్చ. 40 సార్లు కలిసి ఎగరేస్తే, రెండూ బొరుసు పడేది సుమారు పది సార్లు. ఏ సారి పడుతుందో మాత్రం ముందుగా చెప్పలేం.

ఎనిమిదేళ్లలో దాదాపు 28,000 మొక్కలు పరిశీలించి, 1865లో ఆయన ఫలితాలు వినిపించారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1884లో కన్నుమూశారు. 1900లో వేరే శాస్త్రవేత్తలు అదే లెక్కకు చేరుకున్నాకే లోకం ఆయన్ని గుర్తించింది.

నా దగ్గర బీఎడ్ సర్టిఫికెట్ ఉంది. ఆయనకు ఆ భాగ్యం దక్కలేదు. అయినా ఏటా నేను క్లాసులో చెప్పేది ఆయన పాఠమే. ఈ నెల ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు, మొదటి తరంలో కనిపించని ఆ ఆకుపచ్చ గింజను ఒకసారి గుర్తుచేసుకోండి.