బాలబోధకుడగు మార్టిన్ లూథరు

మార్టిన్ లూథరు పేరు వినగానే విట్టెన్‌బర్గు దేవాలయ ద్వారమును, 95 సిద్ధాంతములును, వర్మ్సు పట్టణపు మహాసభయు మనకు జ్ఞప్తికి వచ్చును. ఆ సంగతులు చరిత్ర పుస్తకములందు గలవు. మన విద్యార్థులు వానిని చదివియే యున్నారు. కాని అంతటి పండితుడు పసిబిడ్డల కొఱకు ఒక చిన్న పుస్తకము వ్రాయుటకు ఏల కూర్చుండెనో చెప్పువారు తక్కువ. ఆ సంగతియే మేమిక్కడ చెప్పబూనితిమి.

1483వ సంవత్సరము నవంబరు 10వ తేదీని జర్మనీ దేశములోని ఐస్లేబెన్ పట్టణమందు లూథరు జన్మించెను. తండ్రి హాన్సు గనుల పనిలో పాటుపడి క్రమముగా బాగుపడినవాడు, తల్లి మార్గరెత. మాన్స్‌ఫెల్డులోని బడిలో లాటిను వ్యాకరణ పాఠము రాలేదని ఒక్క ఉదయముననే పదునైదు మారులు దెబ్బలు తింటినని ఆయనయే పెద్దవాడైన తరువాత చెప్పుకొనెను. దెబ్బలకన్న ఎక్కువగా బాధించినది మఱియొకటి గలదు. క్రీస్తు పేరు వినినప్పుడెల్ల, ఇంద్రధనుస్సుమీద కూర్చుండి కోపముతో తీర్పు తీర్చు న్యాయాధిపతియే ఆ బాలుని కన్నుల యెదుట నిలుచుచుండెను. ఆ భయము దేవుని వాక్యమునుండి వచ్చినదో, మనుష్యుల బోధనుండి వచ్చినదో తెలిసికొను సాధన మా బాలునికి లేదు. సంపూర్ణమైన బైబిలు గ్రంథమును ఆయన మొదట చూచినది ఇంచుమించు ఇరువదేండ్ల ప్రాయమున, ఎర్ఫర్టు విశ్వవిద్యాలయపు పుస్తకశాలలో.

తండ్రి కుమారుని న్యాయవాదిగా జేయగోరెను. అయితే 1505 జూలైలో స్టొటర్న్‌హైము గ్రామ సమీపమున పిడుగు పడగా, లూథరు ప్రాణభీతిచే సన్న్యసింతునని మ్రొక్కుకొని, అగస్టీనియను మఠమున జేరెను. ఉపవాసములు, జాగరణములు, పాపపు టొప్పుకోళ్లు ఎన్ని చేసినను మనశ్శాంతి దొరకలేదు. 1512లో వేదాంత పండితుడై, విట్టెన్‌బర్గులో కీర్తనలను, రోమీయులకును గలతీయులకును పౌలు వ్రాసిన పత్రికలను బోధింపవలసి వచ్చినప్పుడు గాని వెలుగు కలుగలేదు. దేవుని నీతి మనము వెలయిచ్చి కొనునది గాదనియు, క్రీస్తునందలి విశ్వాసము ద్వారా ఉచితముగా ఇయ్యబడు వరమనియు ఆయన అక్కడ కనుగొనెను.

అంతలో టెట్సెలను డొమినికను సన్న్యాసి పాపక్షమాపణ పత్రముల నమ్ముచు ఆ ప్రాంతములకు వచ్చెను. రోములోని పరిశుద్ధ పేతురు దేవాలయ నిర్మాణమునకని పేరు. రాబడిలో సగము ఆర్చిబిషప్పు ఆల్బ్రెక్టు ఫుగ్గరు షాహుకార్లకు పడిన అప్పు తీర్చుటకు పోవుచుండెను. సాక్సనీ ప్రభువు తన సీమలో వానిని రానీయలేదు. అయినను విట్టెన్‌బర్గు ప్రజలు ఎల్ల దాటి యూటర్బోగు పట్టణమునకు బోయి పత్రములు కొనితెచ్చి, ఇక పశ్చాత్తాపముతో పనిలేదన్నట్లు వానిని తమ బోధకుడగు లూథరునకు చూపిరి. వీరు దుర్మార్గులు గారు. చనిపోయిన తల్లిదండ్రులు బాధపడుచున్నారని వినినంతనే ఉన్న కాసులు ఊడ్చియిచ్చిన బీదలు వారిలో పెక్కురు. ఈ మాట దేవుని గ్రంథములో నున్నదా యని చూచుకొను శక్తి మాత్రమే వారికి లేదు. లూథరు గ్రీకు మూలమును పరిశీలించి, మారుమనస్సనగా గురువు విధించు ప్రాయశ్చిత్తము గాదనియు, మనస్సు దేవునివైపు తిరుగుటయే యనియు గ్రహించెను. 1517 అక్టోబరు 31వ తేదీనాటి 95 సిద్ధాంతములలో మొదటిదే దీనినిగూర్చినది. పత్రముల విక్రయమును రోమా సంఘమే 1567లో నిషేధించెనని చెప్పుట న్యాయము.

తరువాతి కథ అందఱెఱిగినదే. 1521 ఏప్రిలులో ఆయన చక్రవర్తి యెదుట తన గ్రంథములను త్రోసిపుచ్చ నిరాకరించెను. వార్ట్‌బర్గు కోటలో దాగియుండి క్రొత్త నిబంధనను కొద్ది వారములలో జర్మను భాషలోనికి మార్చెను. 1522 సెప్టెంబరులో అది అచ్చుపడెను.

ఆయన ఆ కోటలో నుండగనే వేఱొక విధమైన అబద్ధ బోధ విట్టెన్‌బర్గులోనే తల యెత్తెను. జ్వికావు పట్టణమునుండి వచ్చిన కొందఱు తాము ప్రవక్తలమనియు, దేవుడు తమతో నేరుగా మాటలాడుచున్నాడనియు చెప్పగా, మహాపండితుడగు మెలాంక్తను కూడ ఏమి చెప్పుటకును తోచక కలతజెందెను. వీరు పోపు పక్షమువారు గారు, సంస్కరణమును కోరినవారే. వారి నోటను వాక్యములు గలవు. మన ప్రభువును శోధించినవాడును కీర్తనలోని మాటనే పలికెను గదా! అబద్ధ బోధ పరాయి వేషముతోనే వచ్చునని తలచువారు ఈ సంగతిని గమనింపవలెను. 1522 మార్చిలో లూథరు ప్రాణభయము విడిచి తిరిగివచ్చి, ఎనిమిది దినములు వరుసగా ప్రసంగించి, వాక్యముతోనే అల్లరి నణచెను. స్వప్నము ఎంత గొప్పదైనను వ్రాయబడిన వాక్యమునకు లోబడవలసినదే యని ఆయన నిశ్చయము.

పండితులే కలతజెందినచో పామరుల గతి యేమి? బిడ్డల గతి యేమి? బాలురకే గాక బాలికలకును పాఠశాలలు పెట్టవలెనని ఆయన 1524లోనే పట్టణాధికారులకు వ్రాసెను. 1528లో సాక్సనీ గ్రామసంఘములను విచారింప బోయినప్పుడు చూచినది ఆయన గుండెను కలచివైచెను. జనులు బాప్తిస్మము పొందినవారే, ప్రభు రాత్రి భోజనమునకు వచ్చువారే; అయినను పెక్కురకు పది ఆజ్ఞలు గాని, విశ్వాస ప్రమాణము గాని, ప్రభువు ప్రార్థన గాని రావు. బోధకులలో అనేకులు బోధింప చాలనివారు. అట్టి ఊరికి నాడు టెట్సెలు వచ్చినను, నేడు స్వప్నప్రవక్త వచ్చినను, అడ్డుపడువా డెవడు?

అప్పటికి లూథరు తండ్రియై యుండెను. పెద్దకుమారుడు హాన్సునకు మూడేండ్లు నిండలేదు. ఎలిసబెతను పసికందు 1528లో గతించెను. 1529 ఆరంభమున గోడకు తగిలించుకొనదగిన పెద్ద కాగితములపై పాఠములు అచ్చువేయించి, ఆ యేడే వానిని చిన్న ప్రశ్నోత్తరిగా వెలువరించెను. భాగము భాగమునకు మొదట, ఇంటి యజమానుడు తన ఇంటివారికి దీనిని ఎట్లు నేర్పవలెనో యని వ్రాసెను. బడిపంతులునకు గాక తండ్రికి ఆ భారమును మొదట అప్పగించెనన్నమాట. బిడ్డను హాస్టలులో విడిచి, వేదపాఠము ఉపాధ్యాయులే చూచుకొందురని నిశ్చింతగా ఇంటికి బోవు తలిదండ్రులు ఈ పంక్తిని రెండుసారులు చదువుదురు గాక.

ఆయన పద్ధతి సులువైనది. మొదట మాటలు కంఠస్థము చేయింపవలెను. ఏటేట మాటలు మార్చి బిడ్డలను తికమక పెట్టరాదు. తరువాత ఇందుకు అర్థమేమని యడిగి, క్లుప్తమైన ఉత్తరము నేర్పవలెను. ఆ పిమ్మట విస్తరింపవచ్చును. అన్నిటికన్న మాకు విలువైనదిగా తోచునది మఱియొక చిన్న ప్రశ్న. బాప్తిస్మమును గూర్చియు, ప్రభు భోజనమును గూర్చియు చెప్పుచోట, ఇది ఎక్కడ వ్రాయబడియున్నదని అడుగబడును. వెంటనే మత్తయి, మార్కు, లూకా, పౌలు అని సాక్షుల పేళ్లు వచ్చును. లూథరు చెప్పెను గనుక నమ్ముమని ఎక్కడను లేదు. పెద్దలను ఎదురు ప్రశ్నించుట మన దేశములో అమర్యాదగా నెంచబడును. అయినను బెరయ పట్టణస్థులు పౌలు బోధనే లేఖనములతో సరిచూచి, అందుకు మెచ్చుకొనబడిరి. వినయముతో అడిగిన ప్రశ్న అమర్యాద కాజాలదు.

ఈ పుస్తకమే ముందు ముందు అర్థము లేని వల్లింపుగా మాఱిన చోట్లు గలవు. మేమును బాల్యములో ఒక్క ఊపిరితో అప్పగించి పరుగెత్తినవారమే. లూథరు మాత్రము, అంతటి పండితుడయ్యును, ప్రతిదినము ఆ పాఠములను బాలునివలె చదువుకొనుచుంటినని ఒప్పుకొనెను.

ఆ చిన్న ప్రశ్న లూథరును గూడ విడువదు. 1543లో ఆయన యూదులకు విరోధముగా ఒక గ్రంథము వ్రాసి, వారి ప్రార్థనా మందిరములను కాల్చవలెనని అధికారులకు ఆలోచన చెప్పెను. ఇది ఎక్కడ వ్రాయబడియున్నది? సువార్తలలో లేదు, ఇశ్రాయేలును దేవుడు విడనాడలేదని ఆయన యెంతో ప్రేమించిన రోమీయుల పత్రికయే చెప్పుచున్నది. ఇరువదవ శతాబ్దమున నాజీలు ఆ వ్రాతలను తమకు ఆయుధముగా జేసికొనిరి. అమెరికాలోని ఎవాంజలికల్ లూథరన్ చర్చి 1994లో వానిని బహిరంగముగా నిరాకరించెను. గురువునుబట్టి గ్రహించిన కొలబద్దతోనే గురువును కొలువవలసి వచ్చుట బాధాకరమే. కాని కొలువక దాచుట ఆయన బోధకే ద్రోహము.

1546 ఫిబ్రవరి 18వ తేదీని, తాను పుట్టిన ఐస్లేబెన్‌లోనే ఆయన మరణించెను. విట్టెన్‌బర్గునకు కొనిపోవుచు దేహమును దారిలో హాలె పట్టణపు దేవాలయమున ఒక రాత్రి యుంచిరి. సరిగా రెండు వందల యేండ్లకు, 1746లో, మద్రాసులో తెలుగు నేర్చి స్వదేశమునకు మఱలిన బెంజమిన్ షుల్జు అను మిషనెరీ ఆ హాలె పట్టణముననే లూథరు చిన్న ప్రశ్నోత్తరిని తెలుగు అక్షరములతో అచ్చువేయించెను. ఇది ఎక్కడ వ్రాయబడియున్నదని తెలుగు బిడ్డలు అడుగుటకు అచ్చుపుస్తకము ఆనాటినుండి గలదు.